ఒకే మందు, రెండు పేర్లు

హిజ్రీ 1445 రజబ్ మాసం, అంటే 2024 జనవరి చివరి రోజులు. మద్దూరులో ఆ వారమంతా చలి ఎముకలు కొరికింది. మా ఇంట తెల్లవారుజామున అందరికంటే ముందు లేచేది అమ్మీజాన్. వారు వుజూ చేసుకునే చెంబు చప్పుడే మాకు గడియారం. ఆ రోజు ఆ చప్పుడు వినిపించలేదు. ఫజ్ర్ అజాన్‌కు ఇంకా ముప్పావు గంట ఉందనగా మేమే లేచి చూశాము. అమ్మీజాన్ మంచం అంచున కూర్చొని ఉన్నారు. అంత చలిలోనూ వారి దుపట్టా చెమటతో తడిసి ఉన్నది. చేతులు వణుకుతున్నాయి. మమ్మల్ని చూసి, ఇరవై ఏళ్ళ క్రితం అల్లాహ్ సన్నిధికి చేరిన మా పెదనాన్నగారి పేరు పెట్టి పిలిచారు.

మా శ్రీమతి దిష్టి అన్నది. మేము పక్కన కూర్చొని ఆయతులు చదివి ఊదసాగాము. చదివినందుకు మాకు పశ్చాత్తాపం లేదు. కాని ఆ పావుగంట చదవడం తప్ప మరేమీ చేయలేదే అన్న బాధ మాత్రం నేటికీ పోలేదు. మందు వాడుకోమని దైవప్రవక్త (స) స్వయంగా ఉపదేశించిన సంగతిని ముప్పై ఏళ్ళుగా విద్యార్థులకు పాఠంగా చెబుతున్నవాళ్ళము మేము. ఆ వేళ అది మాకే గుర్తుకు రాలేదు. మా అలికిడి విని వచ్చిన పొరుగింటి యువకుడు తన తండ్రిగారి షుగర్ చూసే మిషను పట్టుకొచ్చాడు. వేలి కొన నుంచి చుక్క నెత్తురు తీసి చూస్తే అంకె 42 అని వచ్చింది. 70 కంటే తగ్గితేనే ప్రమాదమని ఆ అబ్బాయే చెప్పాడు. అమ్మీజాన్‌కు ఇంకా మింగే శక్తి ఉన్నది గనుక చక్కెర కలిపిన నీళ్ళు చెంచాతో తాగించాము. స్పృహ తప్పి ఉంటే నోట్లో ఏమీ పోయకూడదని, పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని తరువాత తెలిసింది. పది నిమిషాలకు వారు మమ్మల్ని గుర్తుపట్టి, “బేటా, అజాన్ అయిందా?” అని అడిగారు. 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకువెళ్ళాము.

అక్కడ డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, ఏయే మందులు వాడుతున్నారని. “షుగర్ గోలీలు, బీపీ గోలీలు, నరాల గోలీలు” అన్నాము. వాటి పేర్లు అడిగారు. మేము మాట్లాడలేదు. అరబీలో ఒక్క అక్షరం ఉచ్చారణ తప్పినా విద్యార్థిని ఆపి మళ్ళీ చదివించే మేము, కన్నతల్లి రోజూ నోట్లో వేసుకునే మాత్ర పేరు చెప్పలేక నిలబడిపోయాము. పట్టీల మీద ఉన్నది ఇంగ్లిషు. మాకు అరబీ వచ్చు, ఉర్దూ వచ్చు, ఫార్సీ కొంత వచ్చు, తెలుగు వచ్చు. ఇంగ్లిషు అక్షరాలు కూడబలుక్కొని చదవగలము, అంతే. అయినా అసలు కారణం భాష కాదు. ఆ పట్టీలను చదవాలని మాకు ఎన్నడూ తోచలేదు.

రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉంచారు. ముసలివారి దేహంలో, అందులోనూ మూత్రపిండాలు కాస్త బలహీనపడిన వారిలో, ఈ మందు ప్రభావం చాలా గంటలు నిలుస్తుందని, చక్కెర ఇచ్చి కోలుకున్నాక కూడా మళ్ళీ పడిపోవచ్చని అన్నారు.

మా మద్దూరు సంగతి కొంత చెప్పాలి. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఇది వరంగల్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు సిద్దిపేట జిల్లా. కాగితం మీద జిల్లా మారింది గాని కాళ్ళకు అలవాటైన దారులు మారలేదు. అందుచేత మా ఊరి వృద్ధులు ఒక జబ్బుకు జనగామ వెళతారు, మరో జబ్బుకు సిద్దిపేట. గుండె అంటే హైదరాబాదు. మధ్యలో జ్వరమో ఒళ్ళునొప్పులో వస్తే ఊళ్ళోని ఆర్‌ఎంపీ. ఏ డాక్టరు చీటీ ఆ డాక్టరుదే. అన్నీ ఒకచోట కలిసేది ఇంట్లో గూటి మీద ఉండే ప్లాస్టిక్ సంచీలో. ఆ సంచీని మొత్తంగా చూసేవారు మాత్రం ఎవరూ లేరు.

అమ్మీజాన్‌కు పదకొండేళ్ళుగా షుగర్. జనగామ డాక్టరుగారు రాసిన మాత్రలు వాడుతున్నారు. అరికాళ్ళు మండుతున్నాయని రజబ్‌కు ముందు నెలలో మా తమ్ముడు వారిని సిద్దిపేటకు తీసుకువెళ్ళాడు. వెళ్ళేటప్పుడు పాత చీటీ పట్టుకెళ్ళమని మేము చెప్పలేదు, అతడు అడగలేదు. షుగర్‌కు మందు వాడుతున్నారా అని ఆ డాక్టరుగారు అడిగితే, ఏదో వాడుతున్నారని తమ్ముడు చెప్పాడట. ఆయన షుగర్‌కు, నరాలకు మందులు రాశారు. కొత్త డబ్బా, కొత్త రంగు, కొత్త పేరు. ఇది అరికాళ్ళ మంట మందు అనుకొని అమ్మీజాన్ పాతదాన్ని ఆపకుండా కొత్తదాన్ని జతచేశారు. తప్పు డాక్టర్లిద్దరిలో ఎవరిదీ కాదు. మాది.

ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి మా పూర్వ విద్యార్థి ఒకడు సలాము చేయడానికి వచ్చాడు. చిన్నప్పుడు మా వద్ద ఖుర్ఆన్ పారాయణం నేర్చుకున్న పిల్లవాడు. తరువాత ఫార్మ్‌-డి అనే చదువు చదివాడు. ఇంటర్మీడియట్ తరువాత ఆరేళ్ళ కోర్సు అది. 2008లో మన దేశంలో ప్రారంభమైనది. చివరి ఏడాది అంతా ఆసుపత్రి వార్డుల్లోనే శిక్షణ. ఇప్పుడు హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం. మందుల చదువంటే దుకాణంలో డబ్బాలు తీసి ఇవ్వడమే అని మేము అన్నాళ్ళూ అనుకున్నాము. అతడు పరామర్శించి ఊరుకోలేదు. “ఉస్తాద్, దాదీమా మందుల సంచీ ఒకసారి ఇప్పించండి. ఇప్పుడు వాడేవి, ఆపేసినవి, హకీం గారి చూర్ణాలు, నొప్పుల తైలం, అన్నీ కావాలి” అన్నాడు.

చాప మీద సంచీ బోర్లించాడు. పట్టీలు, సీసాలు, పొట్లాలు కలిపి పంతొమ్మిది తేలాయి. వాటిలో రెండింటికి గడువు తీరి ఏడాది దాటింది. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకొని, పైన పెద్దగా ఉన్న పేరు వదిలేసి, కింద సన్నగా ఉన్న పేరు చదివి కాగితం మీద రాసుకుంటూ పోయాడు. తరువాత రెండు పట్టీలు పక్కపక్కన పెట్టి మా వైపు తిప్పాడు. ఒకటి ఎరుపు, ఒకటి నీలం. కంపెనీలు వేరు, పేర్లు వేరు. కింద ఉన్న సన్నని అక్షరాలు మాత్రం రెండింటి మీదా అవే. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్. “ఉస్తాద్, ఇవి రెండు మందులు కావు. ఒకే మందు. గ్లిమిపిరైడ్ దేహంలో ఇన్సులిన్‌ను బలవంతంగా ఊరిస్తుంది. దాదీమా రెట్టింపు మోతాదు వేసుకుంటూ వచ్చారు. ఆ రాత్రి అన్నం తిన్నారా?” అని అడిగాడు. తినలేదు. ఆకలి లేదని పాలు తాగి పడుకున్నారు.

అతడు ఆ మాట అంటుండగా మాకు మా విద్యార్థి జీవితంలోని ఒక గ్రంథం గుర్తుకు వచ్చింది. హదీసు శాస్త్రంలో ఉల్లేఖకుల పరిశీలన ఒక మహా విభాగం. ఒకే వ్యక్తి ఒక పరంపరలో సొంత పేరుతో వస్తాడు, మరోచోట ఫలానావారి తండ్రి అనే కునియతుతో వస్తాడు, ఇంకోచోట తెగ పేరుతో వస్తాడు. తెలియనివాడు ముగ్గురు మనుషులని లెక్కవేస్తాడు. అప్పుడు ఒక్కడి సాక్ష్యం ముగ్గురి సాక్ష్యమై కూర్చుంటుంది. హిజ్రీ 463లో, అంటే 1071లో మరణించిన ఖతీబ్ బగ్దాదీ ఈ పొరపాట్లను సరిదిద్దడానికే ‘మూజిహు అవ్‌హామిల్ జమ్అ వత్తఫ్రీఖ్’ అనే గ్రంథం రచించారు. ఒకరిని ఇద్దరుగా, ఇద్దరిని ఒకరుగా భ్రమపడిన సందర్భాలను అందులో ఏర్చి కూర్చారు. మహామహుల పొరపాట్లను సైతం గౌరవానికి లోటు రాకుండా ఎత్తిచూపారు. మా చాప మీద ఆ కుర్రవాడు చేసినది సరిగ్గా ఆ పనే. పేర్ల ముసుగు తీసి మనిషిని గుర్తించే విద్య మాకు తెలుసు. మందు విషయంలో అదే విద్య కావాలని మాత్రం తెలియలేదు.

అల్ బిరూనీ తన వృద్ధాప్యంలో ‘కితాబుస్ సైదనా’ అనే ఔషధ గ్రంథం రాశారు. ఒక్కొక్క మూలికకు అరబీలో, యూనానీలో, సుర్యానీలో, ఫార్సీలో, మన హిందుస్తానపు భాషల్లో ఏమంటారో అందులో నమోదు చేశారు. ఊరు మారితే మందు పేరు మారుతుంది, పేరు మారితే ప్రాణం మీదికి వస్తుంది. సైదలానీ అంటే మందులు గుర్తుపట్టి, శుద్ధిచేసి, ఇచ్చేవాడు. అబ్బాసీయుల బగ్దాదులో ఇది వైద్యుడి వృత్తి నుంచి వేరుపడి సొంత వృత్తిగా నిలిచింది. వైద్యుడు వేరు, సైదలానీ వేరు అన్న ఏర్పాటు వెయ్యేళ్ళ నాటిది. మా ఊళ్ళో ఆ రెండోవాడు ఎక్కడ ఉన్నాడన్నది మాకు అప్పటి నుంచి మొదలైన ఆలోచన.

పట్టీ మీద అసలు పేరు అంత సన్నగా ఎందుకు వేస్తారని మేము అతణ్ణి అడిగాము. మందు అసలు పేరును కంపెనీ పెట్టిన పేరు కంటే రెండు సైజులు పెద్ద అక్షరాల్లో ముద్రించాలని కేంద్ర ప్రభుత్వం 2018లో నిబంధన తెచ్చిందట. అయితే విటమిన్ల కలగలుపు మాత్రలకు, మూడు లేదా అంతకంటే ఎక్కువ మందులు కలిపి చేసే మాత్రలకు ఆ నిబంధన వర్తించదు. అమ్మీజాన్ మాత్రలు రెండూ రెండేసి మందులు కలిపినవి, వాటికి ఆ మినహాయింపు లేదు. అయినా వాటి మీద అసలు పేరు సన్నగానే ఎందుకు ఉన్నదో మాకు అంతుపట్టలేదు.

మరుసటి శుక్రవారం జుమా ప్రసంగంలో ఈ ఉదంతం చెప్పాము. తెలియకుండా మందులు మింగడం ఆత్మహత్యతో సమానమని కాస్త ఆవేశంగానే అన్నాము. ఇక్కడ మేము రెండో తప్పు చేశాము. మా మాటలు విన్న ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళి ఉన్న మందులన్నీ ఆపేశారు. ఆయనకు గుండె జబ్బు ఉన్నది. నాలుగో రోజున గుండె దడ, ఆయాసం వచ్చి కొడుకులు హైదరాబాదుకు తీసుకువెళ్ళారు. అల్లాహ్ దయవల్ల కోలుకున్నారు. గుండెకు ఇచ్చే కొన్ని మందులను, ముఖ్యంగా మెటోప్రొలాల్ వంటివాటిని, ఒక్కసారిగా ఆపితే ఎంత ప్రమాదమో మా విద్యార్థి ఫోనులో చెప్పినప్పుడు మాకు నోట మాట రాలేదు. వైద్యం తెలియనివాడు వైద్యం చేస్తే, జరిగిన కీడుకు అతడే బాధ్యుడని ప్రవక్త (స) బోధన ఉన్నది. దాన్ని మేము ఫిఖ్హ్ పాఠంలో చెబుతాము. మింబరు మీద నిలబడి మేము చేసినది తెలియని వైద్యమే. ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళి క్షమాపణ కోరాము. ఆయన నవ్వి, “మౌల్సాబ్, మీరు ఆపమనలేదు. నేనే భయపడ్డాను” అన్నారు. అంతకుముందు, మా మోకాలి నొప్పి మాత్రలు రెండు మువజ్జిన్ సాహెబ్‌కు ఇచ్చిన రోజులు కూడా ఉన్నాయి. ఆయనకు బీపీ ఉన్నదని తెలిసే ఇచ్చాము.

అప్పుడు ఒక ఏర్పాటు చేసుకున్నాము. ఏర్పాటు అన్నది పెద్ద మాట. నెలకొక ఆదివారం ఆ అబ్బాయి ఊరికి వచ్చినప్పుడు, అస్ర్ నమాజు తరువాత మదర్సా వరండాలో చాప వేస్తాము. వృద్ధులు తమ మందుల సంచీ తెచ్చుకుంటారు. అతడు చూస్తాడు, ప్రతి మందు అసలు పేరు ఒక నోటుపుస్తకంలో రాస్తాడు. మేము దాని పక్కన తెలుగులో, కావలసినవారికి ఉర్దూలో, ఎందుకు, ఎప్పుడు, అన్నానికి ముందా తరువాతా అని రాస్తాము. జపాన్‌లో ప్రతి రోగి చేతిలో ఇటువంటి మందుల పుస్తకం ఉంటుందని, ఏ డాక్టరు దగ్గరికి, ఏ మందుల షాపుకు వెళ్ళినా దాన్ని చూపిస్తారని అతడే చెప్పాడు. మా పుస్తకం ఇరవై రూపాయల లాంగ్‌ నోట్‌బుక్కు. ముస్లిములే రావాలని లేదు. మూడో నెలకే పొరుగువీధుల అవ్వలు, తాతలు కూడా సంచులు పట్టుకొని రాసాగారు. పరదా వల్ల రాలేని మా ఇళ్ళ స్త్రీల సంచులను మా శ్రీమతి, మా కోడలు తెచ్చి, పుస్తకంతో పాటు తిరిగి ఇచ్చి వచ్చేవారు.

అతడు ఒక్క మందునైనా తనంతట తాను ఆపలేదు, మార్చలేదు. అనుమానం వస్తే డాక్టరుగారికి మర్యాదగా నాలుగు వాక్యాల చీటీ రాసి ఇచ్చేవాడు. నిర్ణయం వారిది, ప్రశ్న మాత్రమే నాది అనేవాడు.

ఆ చాప మీద చూసిన వాటిలో ఒకటి చెప్పక తప్పదు. రిటైరైన ఉపాధ్యాయులొకరు వచ్చారు. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నారు. కొన్నాళ్ళకు పాదాలు వాచాయి. వేరే డాక్టరు వాపుకు మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర రాశారు. దానితో రాత్రి నాలుగైదుసార్లు లేవవలసి వచ్చింది. నిద్ర లేదని మరోచోట నిద్రమాత్ర తెచ్చుకున్నారు. నిద్రమత్తులో స్నానాలగదికి వెళుతూ జారిపడి మణికట్టు విరిగింది. దానికి నొప్పిమాత్రలు. ఆ నొప్పిమాత్రలతో బీపీ మళ్ళీ పెరిగింది. మా విద్యార్థి ఈ వరుసను వెనక్కి వెనక్కి లాగి మొదటి గింజ దగ్గర ఆగాడు. పాదాల వాపు ఆమ్లోడిపిన్ వల్ల కొందరిలో వచ్చే ప్రభావమే కావచ్చునని చీటీ రాశాడు. డాక్టరుగారు అది చదివి బీపీ మందు మార్చారు. వాపు తగ్గింది. తరువాత నీళ్ళ మాత్ర, నిద్రమాత్ర, నొప్పిమాత్ర ఒకటొకటిగా వారే తీసేశారు. నాలుగు మందులు ఒకటయ్యాయి. ఆ మాస్టారుగారు మాతో అన్నది, “మౌలానా, నాకు వచ్చిన జబ్బు ఒకటే. మిగిలినవన్నీ మందులకు వచ్చిన జబ్బులు.”

తెలంగాణ ప్రభుత్వం 2022లో బీపీ, షుగర్ ఉన్నవారికి కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. నెలకు సరిపడా మాత్రలు, ఉదయానికి, మధ్యాహ్నానికి, రాత్రికి వేరువేరు సంచులు. అక్షరం రానివారికి ఇది మంచి ఉపాయం. కాని మన ఇళ్ళలో ఆ సంచీ కూడా గూటి మీది పెద్ద సంచీలోకే చేరుతుంది. ప్రభుత్వం ఇచ్చినది, ప్రైవేటులో కొన్నది ఒకే మందని తెలియక రెండూ వేసుకున్నవారు మా వరండాలోనే నలుగురు కనిపించారు. పైగా కాకరకాయ రసం, మెంతుల పొడి, కలోంజి. వీటి గురించి ఎవరూ డాక్టరుకు చెప్పరు, మందులు కావు కదా అని. షుగర్ తగ్గించే మాత్రతో పాటు షుగర్ తగ్గించే రసం తాగుతున్న సంగతి చెప్పకపోతే లెక్క ఎలా కుదురుతుంది?

షాబాన్ వచ్చేసరికి మరో చిక్కు. అమ్మీజాన్ రోజాలు ఉంటామన్నారు. ఊహ తెలిసిన నాటి నుంచి ప్రసవాలప్పుడు తప్ప వదలని రోజాలు అవి. వ్యాధిగ్రస్తులకు, ప్రయాణికులకు దివ్య ఖుర్ఆన్ ఇచ్చిన మినహాయింపును మేము వినిపించాము. వారికి తెలియనిది కాదు. “నీ పుస్తకం నీకు, నా ధైర్యం నాకు” అన్నారు. చివరికి డాక్టరుగారి వద్దకే తీసుకువెళ్ళాము, ఈసారి నోటుపుస్తకంతో. మొన్ననే 42కు పడిపోయిన మనిషి, ఈ వయసులో, ఈ మందుతో పద్నాలుగు గంటలు ఉపవాసం ఉండటం ప్రాణంతో చెలగాటమని ఆయన నిష్కర్షగా చెప్పారు. అమ్మీజాన్ మారు మాట్లాడలేదు. ప్రతి రోజాకు బదులుగా ఒక పేదవారికి అన్నం పెట్టించారు. ఇఫ్తార్ వేళ దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చొని, అందరూ ఖర్జూరం నోట్లో వేసుకున్నాకే తానూ వేసుకునేవారు. ఆ నెలంతా వారి కళ్ళలోకి సూటిగా చూడటం మాకు కష్టమైంది.

రోజా ఉండవచ్చని డాక్టరు చెప్పినవారికి కూడా మందుల వేళలు మారుతాయి. ఉదయపు మాత్ర సహరీకి, రాత్రిది ఇఫ్తార్‌కు అని ఎవరికి వారు జరుపుకోవడం మన ఇళ్ళలో పరిపాటి. అది తగదు. సహరీకి పెద్ద మోతాదు వేసుకుంటే అస్ర్ వేళకు షుగర్ పడిపోవచ్చు. ప్రపంచ మధుమేహ సమాఖ్య, రమజాన్‌లో మధుమేహంపై పనిచేసే వైద్యుల కూటమి కలిసి 2016లో, మళ్ళీ 2021లో ఇందుకు మార్గదర్శకాలు వెలువరించాయి. ఎవరు ఉండవచ్చు, ఎవరు ఉండకూడదు, మోతాదు ఎలా మార్చాలి అన్నవి వాటిలో ఉన్నాయి. రమజాన్‌కు ఆరేడు వారాల ముందే డాక్టరును కలవమంటాయి. వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా భంగం కాదని ఉలమా చెప్పారు. దీన్ని మేము మింబరు మీద ప్రతి ఏటా చెబుతున్నాము. ఇది మా పరిధిలోని మాట గనుక ధైర్యంగా చెప్పగలము.

ఆస్ట్రేలియాలో 2001 నుంచి డాక్టరు సిఫారసుతో ఫార్మసిస్టే వృద్ధుల ఇంటికి వెళ్ళి మందులన్నీ పరిశీలించి నివేదిక ఇచ్చే పద్ధతి ఉన్నదట. అందుకు ప్రభుత్వం రుసుము చెల్లిస్తుంది. అమెరికాలో వృద్ధుల బీమాలో 2006 నుంచి ఇటువంటిదే ఒక ఏర్పాటు ఉన్నది. మన దేశంలో చట్టం లేదా అని అడిగితే ఉన్నదన్నాడు. 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షను ప్రకారం డాక్టరు చీటీ మీద మందు ఇవ్వవలసింది రిజిస్టరైన ఫార్మసిస్టే. 2015లో ఫార్మసీ కౌన్సిల్ తెచ్చిన నిబంధనలు ఇంకా ముందుకు వెళ్ళాయి. చీటీ అందుకున్నాక ఫార్మసిస్టు స్వయంగా రోగితోనో, రోగిని చూసుకునే మనిషితోనో మాట్లాడాలి. మందు పేరేమిటి, ఎందుకు, ఎలా వాడాలి, ఒక పూట మరచిపోతే ఏం చేయాలి అన్నవి చెప్పాలి. ఇంత స్పష్టంగా ఉన్నది. మేము యాభై ఏళ్ళు దాటిన మనిషిమి. మందుల షాపు కౌంటరు అవతల నుంచి ఒక్కరైనా మాతో ఆ సంగతులు మాట్లాడిన జ్ఞాపకం లేదు. మేము అడిగిన జ్ఞాపకమూ లేదు. చిల్లర సరిగా ఉందో లేదో చూసుకొని వచ్చేవాళ్ళము.

ఇంత చెప్పాక అసలు సంగతి. మా విద్యార్థికి రియాద్‌లో ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల వెళ్ళిపోతున్నాడు. పెళ్ళికావలసిన చెల్లెళ్ళు ఇద్దరున్నారు. ఆగమని ఏ నోటితో అంటాము? ఇన్ని నెలలు అతడు వరండాలో కూర్చున్నది ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వకుండా. పాత ఉస్తాద్ మీద అభిమానంతో వచ్చాడు. ఒక మనిషి అభిమానం మీద ఆధారపడిన ఏర్పాటు ఆ మనిషి విమానం ఎక్కితే ముగిసిపోతుంది. నోటుపుస్తకాలు తీసుకున్నవారు డెబ్బైకి పైగా ఉన్నారు. కొత్త చీటీ వచ్చినప్పుడల్లా ఆ పుస్తకంలో కొత్త వరుస ఎవరు రాయాలి? మమ్మల్నే రాయమన్నారు కొందరు. మింబరు సంగతి గుర్తుంచుకొని మేము ఒప్పుకోలేదు.

పోయిన వారం పొరుగు పట్టణంలో మేము ఎప్పుడూ మందులు కొనే దుకాణానికి వెళ్ళాము. గోడ మీద అద్దం బిగించిన సర్టిఫికెట్ ఉన్నది. ఇన్నేళ్ళలో మొదటిసారి దాన్ని చదివాము, ఇంగ్లిషు అక్షరాలు కూడబలుక్కుంటూ. కౌంటరులో ఉన్న కుర్రవాణ్ణి, ఈ పేరు గలవారు మీరేనా బాబూ అని అడిగాము. కాదన్నాడు. వారు ఎప్పుడు ఉంటారంటే తల గోక్కున్నాడు. మందు కావాలా అని అడిగాడు. మందు కాదు, వారితో మాట్లాడాలి అన్నాము. ఇంతవరకు ఎవరూ అలా అడగలేదట. లోపలికి వెళ్ళి యజమానికి ఫోన్ చేసి వచ్చి, వచ్చే ఆదివారం పదకొండింటికి రప్పిస్తామన్నారని చెప్పాడు.

ఇంటికి వచ్చి అమ్మీజాన్‌కు ఈ సంగతి చెప్పాము. వారు గూటి మీది సంచీ దించుకొని, పట్టీలు ఒకటొకటి తీసి నోటుపుస్తకంతో సరిచూడటం మొదలుపెట్టారు. ఇప్పుడు వారి సంచీలో ఉన్నవి ఆరే.